మ్యాచ్ రోజు నాచు చారు

కసేహమ, జనవరి 24

అత్తకి,

ఈ పరాయి దేశానికి క్షేమంగా చేరాను. దారి పొడుగునా ఓడ ఊగుతూనే ఉంది, నేను మాత్రం కక్కలేదు. చిన్నప్పుడు నీ వెంట సముద్రపు నాచు కోసే పడవల్లో తిరిగిన పొట్ట కదా. ఫోన్ చేస్తే నీకు సరిగ్గా వినపడదు. మెసేజ్ పెడదామంటే, ముప్పై ఏళ్లు ఉప్పునీళ్లలో నానిన నీ వేళ్లకి ఆ ఫోను అద్దం పలకదు. అందుకని మనిద్దరికీ కాగితమే గతి. నా రాత కోడిగీతలని వెక్కిరించకు.

పెళ్లికాని ఆటగాళ్లందరినీ క్లబ్ వాళ్లు ఒక హాస్టల్లో పెట్టారు. వండిపెట్టేది ఇసోబే గారు. అరవై ఏడేళ్లు, నీకన్నా పొట్టి, నీకన్నా గయ్యాళి. చిన్నప్పుడు తప్పిపోయిన నీ అక్కేమోనని అనుమానంగా ఉంది. కోచ్ కూడా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర టోపీ తీస్తాడు.

మొదటి రోజు పొద్దున్న చారు గిన్నె మూత తీసి చూస్తే అందులో ఏముందనుకున్నావు? మన నాచే! వీళ్లకిది రోజూ ఉండాల్సిందేనట. మనవైపు పరీక్షకెళ్లే పిల్లాడికి పొరపాటున కూడా దీన్ని పెట్టరనీ, నాచులాగా పరీక్ష జారిపోతుందని భయమనీ, ఇక బంతి పట్టుకు బతికేవాడి సంగతి చెప్పాలా అనీ ఆవిడకి చెబుదామనుకున్నాను. నాకున్న నాలుగు ముక్కల భాష దానికి చాలలేదు. కడుపు పట్టుకు చూపించి ఊరుకున్నాను. రోజూ నీళ్లు తాగేసి నాచంతా గిన్నె అంచుకి తోసేస్తున్నాను. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

మొదటి గోల్‌కీపర్ మొరినాగా గారు. ముప్పై నాలుగేళ్లు, మంచివాడు, మోకాళ్లకి కట్లు. నేను రెండోవాణ్ణి. జూలైలోగా ఒక్క మ్యాచ్ అయినా ఆడితే ఏడాది పొడుగునా ఉంచుతారు. లేదంటే జూలైతో సరి. అక్కడ నన్ను పిలిచే క్లబ్ ఏదీ లేదని నీకూ తెలుసు కదా.

రేవు దగ్గర నీకోసం చివరి దాకా చూశాను. పనిలో పడి ఉంటావు.

నీ మేనల్లుడు,
హేసోంగ్

*

కిజాంగ్, ఫిబ్రవరి 3

ఒరేయ్ హేసోంగ్,

జాబు అందింది. కోడిగీతలే, కానీ మా కోడి గీతలు.

రేవుకి రాలేదని దెప్పావు. కోతలు మొదలయ్యాయిరా. తెల్లారేసరికి పడవలు వచ్చి నాచు కుమ్మరిస్తే, ఎండ దిగేలోగా తీగల మీద ఆరెయ్యకపోతే అది ఎరువే. నువ్వు ఓడెక్కిన రోజు మాకు రెండు పడవల సరుకు వచ్చింది. అదీ సంగతి.

నాచు గిన్నె అంచుకి తోసేస్తున్నానని రాశావు. ఎందుకో చెప్పనక్కర్లేదన్నావు. అవును, చెప్పనక్కర్లేదు. నాకు బాగానే తెలుసు. గుర్తు చేసినందుకు సంతోషం.

ఇసోబే గారికి నా నమస్కారం చెప్పు. వండిపెట్టే మనిషి ముందు మొహం మాడ్చుకోకు. మీ అమ్మ పోయేనాటికి నీకు మూడేళ్లు. మీ నాన్న దూరపు సముద్రం ఓడ మీద ఏడాదికోసారి కనపడే చుట్టమయ్యాడు. అప్పట్నించీ నీకు ముద్దలు పెట్టిన మనిషిని గనక చెబుతున్నాను: పెట్టేవాళ్లకి కంచంలో మిగిలిందే ముందు కనపడుతుంది.

ఎండు నెత్తళ్లు, మిరప ముద్ద, వెల్లుల్లి ఊరగాయ పంపిస్తున్నాను. మన పడవల సంఘం అధ్యక్షుడు చోన్ గారు పార్సిల్ కట్టారు. వెళ్లేటప్పుడు మఫ్లర్ మర్చిపోయావు, అదీ పెట్టాను.

నీ అత్త,
మాల్సున్

*

కసేహమ, మార్చి 2

అత్తకి,

పార్సిల్ అందింది. నెత్తళ్లు రెండు రోజుల్లో మాయం. నా పక్కగది వాడు గోడ మీద తట్టి మరీ అడుక్కు తిన్నాడు. మిరప ముద్ద మాత్రం ఎవరూ ముట్టలేదు. ఒకడు చెంచాడు తిని గంటసేపు పంపు కింద నోరు పెట్టాడు.

ఆట మొదలైంది. నేను బెంచి మీద ఉన్నాను. ఇక్కడ గోల్‌కీపర్ అంటే చేతులు కాదే అత్తా, కాళ్లు. మన దగ్గర బంతి దొరికితే ఆకాశంలోకి తన్నమనేవారు. ఇక్కడ అలా తంతే కోచ్ కునియోషి గారు ఇంట్లో గిన్నె పగిలినట్టు మొహం పెడతాడు. రెండు గజాల దూరంలో ఉన్నవాడికి మెల్లిగా, ముద్దుగా అందించాలట. ప్రత్యర్థి మీదపడి వస్తున్నా సరే! నిన్న ప్రాక్టీసులో అలా అందించబోయి నేరుగా వాడి కాళ్లకే ఇచ్చాను. మరో గొడవ, నేను అరిస్తే మా డిఫెండర్లు నేను కోప్పడుతున్నాననుకుంటున్నారు. "ఎందుకయ్యా అంత కోపం?" అని ఒకాయన పాపం పళ్లరసం కొనిచ్చాడు.

ఇంకో వింత. స్నేహపూర్వక మ్యాచ్‌లో రెండో సగం నేనే నిలబడ్డాను. మూడు గోల్స్ తిన్నాను. అయిపోయాక జనం దగ్గరికెళ్లి తల వంచితే అందరూ చప్పట్లు కొట్టారు. వెటకారమనుకుని చెవులు మండిపోయాయి. ఇసోబే గారు చెబితే తెలిసింది, అది నిజం చప్పట్లేనట. "ఓడినప్పుడు కొట్టకపోతే ఇంకెప్పుడు కొడతారు? గెలిచినప్పుడు వాళ్లకి వాళ్లే కొట్టుకుంటారు" అంది.

ఆవిడకి మాత్రం నా మీద కోపంగానే ఉంది. రోజూ గిన్నెలో మిగిలిన నాచు చూసి, గిన్నె కొంచెం గట్టిగా తీస్తుంది.

ఒక మాట అడుగుతాను, దాచకు. పార్సిల్లో అన్నీ ఉన్నాయి, నాచు తప్ప. మన ఊళ్లో తొలికోత నాచు దూరాన ఉన్న మనిషికి పంపకపోవడం నేను ఎరగను. ఓడ మీదున్న నాన్నకి కూడా పంపేదానివి. పంట పోయిందా? ఒంట్లో బాగాలేదా? లేకపోతే నవంబరు తర్వాత నన్ను లెక్కలోంచి తీసేశావా? నా మూలాన ఊళ్లో ఆడవాళ్లు నిన్నేమన్నా అంటున్నారా? అంటే అన్నారని రాయి.

హేసోంగ్

*

కిజాంగ్, మార్చి 20

ఒరేయ్,

పంట బాగానే ఉంది. నా ఒళ్లూ బాగానే ఉంది. నన్ను అనేవాళ్లు ఈ తీరంలో ఇంకా పుట్టలేదు.

నాచు అక్కర్లేనివాడికి నాచెందుకు పంపుతాను? గిన్నె అంచుకి తోసేవాడివి, నేను పంపింది మాత్రం నెత్తిన పెట్టుకుంటావా? ఆ సంగతి వదిలెయ్.

నీ బాధ నాకు అర్థమైంది. ఆవిడ పెట్టడం, నువ్వు వదలడం, మధ్యలో గిన్నె చప్పుడు. ఇలా రోజూ నలిగితే నువ్వు బంతేం పడతావు? అందుకని ఆ పని నేనే చక్కబెట్టాను. చోన్ గారు కుర్రతనంలో ఒసాకాలో పనిచేసి ఆ దేశపు భాష నేర్చుకున్నారు కదా, ఆయన చేత ఇసోబే గారికి ఒక చీటీ రాయించాను. "అమ్మా, మా వాడికి నాచు అస్సలు పెట్టొద్దు, ఒక్క ముక్క కూడా తగలనివ్వద్దు, వాడి జీవితమే దీని మీద ఆధారపడి ఉంది, నా మాట మన్నించండి" అని. దాంతోపాటు మంచి రకం నెత్తళ్లు ఒక డబ్బా. ఈపాటికి ఆవిడకి చేరే ఉంటుంది. ఇక నిశ్చింతగా ఉండు. అత్త ఉండగా నీకేం భయం?

అరిస్తే కోపమనుకుంటే నవ్వుతూ అరువు. నేను నీ మీద ఇరవై ఏళ్లు అరిచాను, నువ్వెప్పుడైనా కోపమనుకున్నావా?

నీ అత్త

*

కసేహమ, ఏప్రిల్ 12

అత్తా,

నువ్వు చక్కబెట్టిన పని ఎలా ఉందో విను.

చీటీ చదివి ఇసోబే గారి మొహం పాలిపోయింది. జీవితమే ఆధారపడి ఉందంటే, ఆవిడ నాకు నాచు పడదనుకుంది. తింటే గొంతు వాచి చచ్చిపోయే రోగం! రెండు నెలలుగా రోజూ నాకు విషం పెట్టానని ఏడ్చింది. అప్రాన్‌తోనే క్లబ్ ఆఫీసుకి పరిగెత్తి తల వంచి క్షమాపణ చెప్పింది. వాళ్లు కంగారుపడి డాక్టర్ని పిలిచారు. డాక్టరు నా రక్తం మూడు సీసాలు తీశాడు. వంటింటి గోడ మీద నా ఫోటో అంటించారు, కింద ఎర్ర అక్షరాలు. పక్కగది వాడు నాచు చుట్టిన అన్నం ముద్ద తింటూ నన్ను చూసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

నవ్వుతున్నావా? ఇక్కడితో ఆపి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

ఆ వారమే మొరినాగా గారికి ఎర్ర కార్డు పడి ఒక మ్యాచ్ ఆడకూడదన్నారు. పొరుగూళ్లో మ్యాచ్. నా వంతు, అత్తా! మూడు నెలలు ఎదురుచూసిన వంతు. రక్తపరీక్ష ఫలితం రాలేదు, ఆ హోటల్ వంటకి మేం పూచీ పడలేం అని డాక్టరు నన్ను బస్సు ఎక్కనివ్వలేదు. రోగం లేదు మొర్రో అని మొత్తుకున్నాను. "ధైర్యంగా ఉండాలనుకుంటున్నావు, మంచిదే" అని భుజం తట్టాడు. మూడో కీపరు, పంతొమ్మిదేళ్లవాడు, ఆడాడు. బాగా ఆడాడు. అది ఇంకా బాధ.

నా మీద జాలిపడటం ఆపు. నా గిన్నె సంగతి, నా ఆట సంగతి నేను చూసుకుంటాను. నవంబరులో జరిగింది జరిగింది. దాన్ని పట్టుకుని నువ్వు వేసే ప్రతి అడుగూ నా కాళ్లకే అడ్డం పడుతోంది.

హేసోంగ్

*

కిజాంగ్, ఏప్రిల్ 21

చిరంజీవి హేసోంగ్‌కి,

నీ జాబు రెండుసార్లు చదువుకున్నాను. తప్పు నాదే.

ఎలాగూ మాట వచ్చింది గనక నేనూ చెప్పేస్తాను. ఆ రోజు నీ పుట్టినరోజు. పుట్టినరోజున నాచు చారు తాగకపోతే కన్నతల్లిని మరిచినట్టంటారు, బాలింతగా ఆ తల్లి తాగిన చారు గనక. నీకు తల్లి లేదు. ఇరవై ఏళ్లుగా ఆ చారు మాత్రం ఒక్క ఏడూ తప్పించలేదు నేను. మ్యాచ్ రోజని తెలుసు. తెలిసే ఫ్లాస్కులో పోసుకుని, రెండు బస్సులు మారి, మీ జట్టు దిగిన హోటల్ దగ్గరికి వచ్చాను. నువ్వు వద్దని అనలేదు. నా మొహం చూసి మెట్ల మీదే కూర్చుని మొత్తం తాగావు. సాయంత్రం చివరి నిమిషంలో చేతికొచ్చిన బంతి జారిపోయింది. పై లీగుకి వెళ్లాల్సిన జట్టు ఆగిపోయింది. నిన్ను తీసేశారు.

స్టేడియంలో నా చుట్టూ ఉన్నవాళ్లు నిన్ను తిట్టారు. నాలో నేను "వాణ్ణి కాదు, నన్ను తిట్టండి" అనుకున్నాను.

రేవుకి రాకపోవడానికి కోతలు కారణం కాదు. ఏ మొహం పెట్టుకుని రాను? నువ్వు మొదటి జాబులో ఎందుకో చెప్పనక్కర్లేదని రాసినప్పుడు, దెప్పితే దెప్పాడు, దెప్పే హక్కు వాడికుంది అనుకున్నాను. ఆ మ్యాచ్ రోజు నుంచి నేనూ ఆ చారు ముట్టలేదు. ఫిబ్రవరిలో నా అరవై ఒకటో పుట్టినరోజు వెళ్లింది. పక్కింటావిడ తెచ్చిన గిన్నె అలాగే తిప్పి పంపాను. నాచు మీద బతికే మనిషిని. చేత్తో ముడతాను, నోట పెట్టుకోను.

ఇక నీ కంచంలో వేలు పెట్టను. జూలై దాకా నీకు జాబు కూడా రాయను, మళ్లీ ఏం చెడుతుందో ఏమో. జవాబు రాయనక్కర్లేదు.

మాల్సున్

*

కసేహమ, మే 6

అత్తా,

జవాబు రాయొద్దన్నావు. నీ మాట ఎప్పుడు విన్నాను గనక ఇప్పుడు వినడానికి?

నీ జాబు తీసుకుని మేడమీద బట్టలారేసే చోట కూర్చున్నాను. నాలుగైదు సార్లు రాసి చించాను. ఇది ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. నిన్ను ఆరు నెలలు ఏడిపించింది చారు కాదు, నేను నోరు మూసుకోవడం.

ఆ రోజు ఫ్లాస్కుతోపాటు నువ్వు ఇంకోటి కూడా ఇచ్చావు, గుర్తుందా? ఎర్ర గ్లౌజులు. నేను ఎప్పుడో దుకాణం అద్దంలో చూసి ఆగితే, నువ్వు ఆ రంగు గుర్తుపెట్టుకుని కొన్నానన్నావు. కొత్త గ్లౌజులకి అరచేతి వైపు ఫ్యాక్టరీ పూత ఒకటి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి ఆరబెట్టి, ప్రాక్టీసులో వాడి, అప్పుడు మ్యాచ్‌కి వేసుకోవాలి. కడగకుండా వేసుకుంటే బంతి నిలవదు. ఇది బళ్లో ఆడే పిల్లలకి కూడా తెలుసు. మొదటి సగం నా పాత గ్లౌజులతోనే ఆడాను. విరామానికి వెళ్తూ పైకి చూస్తే నువ్వు రెండు చేతులూ ఊపుతున్నావు. అంత జనంలో నువ్వొక్కదానివే లేచి నిలబడి ఉన్నావు. ఒక్కసారి నీకు ఆ ఎర్ర రంగు కనపడాలనిపించింది. రెండో సగానికి కొత్తవి వేసుకున్నాను. కడగలేదు. తడి కూడా చెయ్యలేదు.

అంతే అత్తా. చారు జారలేదు, గ్లౌజులూ తప్పు చెయ్యలేదు. అన్నీ తెలిసిన నా తలకాయ తప్పు చేసింది.

ఎందుకు చెప్పలేదంటావా? చారు కాదంటే గ్లౌజులంటావు. రెండూ నువ్వు తెచ్చినవే. ఒక తప్పు దించి ఇంకోటి నెత్తిన పెట్టడానికి మనసొప్పలేదు. ఇంకో సంగతి, సిగ్గుపడుతూ రాస్తున్నాను. ఇక్కడికొచ్చాక చారులో నాచు తోసేస్తూ ఉంటే, తప్పు దాందేనన్నంత హాయిగా ఉండేది. నా తప్పు నేను ఒప్పుకోవడం కన్నా అది సులువు. నిన్ను దెప్పాలని నా మనసులో ఒక్క రోజు కూడా లేదు. నువ్వు రేవుకి రాకపోతే, నా వల్ల తలవంపులైందని రాలేదేమోనని నేను అనుకున్నాను. చూశావా మన తెలివి! ఒకే ఇంట్లో పెరిగిన తెలివి.

రక్తపరీక్షలో ఏ రోగమూ లేదని తేలింది. నిన్న ఇసోబే గారి దగ్గర కూర్చుని, ఫోనులో మాటలు వెతుక్కుంటూ మొత్తం చెప్పాను: పరీక్ష రోజు, చారు, జారుడు, నువ్వు, అన్నీ. "మా ఆయన నలభై ఏళ్లు ఇదే తాగి పడవెక్కాడు. తడి చెక్క మీద రోజంతా నిలబడేవాడు. ఒక్కసారి కూడా జారలేదు. ఇంట్లో మెట్ల మీద మాత్రం జారాడు, అదీ సాకే సారా తాగి" అని ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వాక కళ్లు తుడుచుకుంది. గోడ మీద నా ఫోటో తీసేసింది.

అసలు కబురు. మొరినాగా గారి మోకాలు మళ్లీ వాచింది. కునియోషి గారు పిలిచి, "పదిహేడు, ఆదివారం, మన మైదానంలో నువ్వే" అన్నాడు. జూలైలోగా ఇంకో వంతు వస్తుందని నమ్మకం లేదు. ఆ పొద్దున్న నేను నాచు చారు తాగి వెళ్తాను. నాచు ఒక్క ముక్క మిగల్చను. గ్లౌజులు ఆ ఎర్రవే. ఈ వారంలో పదకొండు సార్లు ఉతికాను.

నీ
హేసోంగ్

*

కిజాంగ్, మే 13

ఒరేయ్ గాడిదా, పిచ్చి సన్నాసీ, మా తమ్ముడి కొడకా,

ఆరు నెలలు! ఆరు నెలలు నన్ను ఆ చారు దగ్గర కట్టేసి నువ్వు నోరు మూసుకున్నావు! ఎదురుగా ఉంటే నాచు ఆరేసే కర్ర విరిగేదాకా కొట్టేదాన్ని.

కొట్టి, అన్నం పెట్టేదాన్ని.

జాబు పట్టుకుని రాళ్ల మీదకెళ్లి కూర్చున్నాను. రాతినాచు కోస్తున్న ఆడవాళ్లు నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియక చుట్టూ చేరారు. "మా వాడు గ్లౌజులు ఉతకలేదటే!" అన్నాను. వాళ్లకేం అర్థమవుతుంది? గుండె మీద రాయి దిగిందిరా. నువ్వు తప్పు చేశావని ఇంత సంతోషించిన అత్త లోకంలో ఇంకెక్కడా ఉండదు.

అది సరే. మ్యాచ్ పొద్దున్న చారు తాగుతానంటావేం, బుద్ధుందా? కాదని తేలింది, సరే. తేలినంత మాత్రాన ఆ రోజే పరీక్ష పెట్టాలా? నిప్పు కాలదని ఎవరో చెబితే చెయ్యి పెట్టి చూస్తావా? శనివారం తాగు, సోమవారం తాగు, కుండెడు తాగు. ఆదివారం పొద్దున్న మాత్రం వద్దు. ఇసోబే గారికి మళ్లీ చీటీ రాయిద్దామని చోన్ గారి దగ్గరికెళితే, "అమ్మా, ఇంక నా వల్ల కాదు" అని చెప్పులు వదిలేసి లోపలికి పారిపోయారు.

నా మాట విను. వద్దు.

అత్త

*

కసేహమ, మే 18

అత్తా,

నీ జాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేను.

గెలిచాం! రెండు ఒకటి.

రెండు గిన్నెలు తాగాను. ఇసోబే గారు ఎదురుగా కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఖాళీ గిన్నె మెల్లిగా, చప్పుడు కాకుండా తీసింది. బయట వాన. మ్యాచ్ మొదలయ్యేసరికి మైదానం చిత్తడి.

ఇరవయ్యో నిమిషం. బంతి నా కాళ్ల దగ్గర ఉంది, వాళ్లవాడు మీదపడి వస్తున్నాడు. ఆకాశంలోకి తన్ని చేతులు దులుపుకోవచ్చు. కానీ కునియోషి గారి మొహం గుర్తొచ్చి ముద్దుగా అందించబోయాను. నేరుగా వాళ్లవాడికే! గోల్. జారింది చెయ్యి కాదే అత్తా, కాలు. ఒక్క క్షణం నవంబరు మొత్తం కళ్ల ముందు తిరిగింది. తల ఎత్తితే నా వెనకున్న మన జనం చప్పట్లు కొడుతున్నారు. ఇసోబే గారు వానలో అప్రాన్‌తోనే నిలబడి కొడుతోంది. ఈసారి చెవులు మండలేదు.

తర్వాత అదే బంతి మళ్లీ నా కాళ్ల దగ్గరికొచ్చింది. మళ్లీ అందించాను, ఈసారి మనవాడికి. ఆ తర్వాత ఏమీ ఆలోచించలేదు. మనవాళ్లు రెండు వేశారు.

చివరి నిమిషంలో పక్కనుంచి ఎత్తుగా ఒక బంతి వచ్చింది. ఆ రోజు వచ్చినట్టే, అదే ఎత్తు, అదే నెమ్మది. "నాది!" అని అరిచాను, నువ్వు చెప్పినట్టు నవ్వుతూనే అరిచాననుకుంటా. డిఫెండర్లందరూ తలలు వంచి తప్పుకున్నారు. బంతి ఎర్రచేతుల్లోకి వచ్చింది. నిలిచింది. ఈల వేసేదాకా వదల్లేదు. వేశాక కూడా వదల్లేదు, రిఫరీ వచ్చి అడిగి తీసుకున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో కునియోషి గారు, "ఆ మొదటి పాసు లాంటిది మళ్లీ ఇస్తావా?" అన్నాడు. "ఇస్తాను, మనవాడు ఉంటే" అన్నాను. "వచ్చే వారం కూడా నువ్వే. జూలై మాట మర్చిపో" అన్నాడు. మొరినాగా గారు తన మోకాలి పట్టీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "పదేళ్ల తర్వాత పనికొస్తుంది" అన్నాడు.

నిన్న కడుపారా తిన్నాను, ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

ఇసోబే గారు కిజాంగ్ నాచు రుచి చూడాలంటోంది. వాళ్ల నాచే గొప్పదని ఆవిడ పంతం. నీ పరువు నీ చేతుల్లో ఉంది.

హేసోంగ్

*

కిజాంగ్, మే 29

ఒరేయ్ నాయనా,

నేను పదమూడున రాసిన జాబు నీకు ఇప్పటికి చేరి ఉంటుంది. తిట్లు ఉంచుకో, చివర చెప్పిన బుద్ధులు మాత్రం చించెయ్.

ఆ జాబు పెట్టెలో వేసి వస్తుంటేనే తెలిసింది, అది నీకు మ్యాచ్ లోపల అందదని. నువ్వు తాగే వెళ్తావని కూడా తెలిసింది. నేను పెంచిన మొండితనమే కదా. మూడు రోజులు కాళ్లు కాలిన పిల్లిలా తిరిగాను. ఆదివారం పొద్దున్న లేచి నాచు నానబెట్టాను. నువ్వుల నూనెలో వేయించి, ఆల్చిప్పలు వేసి, చారు కాచాను. ఆరు నెలల తర్వాత ఇంట్లో ఆ వాసన. వాడు అక్కడ ఒంటరిగా తాగుతూ ఉంటాడు, జారితే ఇద్దరం కలిసే జారదాం అనుకుని తాగేశాను. మొత్తం. మీ అమ్మని, నా పుట్టినరోజుని, నీ పుట్టినరోజుని, అన్నింటినీ తలుచుకుని.

తర్వాత సంఘం ఆఫీసుకెళ్లి చోన్ గారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నువ్వు బంతి తీసుకెళ్లి వాళ్లకి అప్పజెప్పినప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. చివరి బంతి గాల్లో ఉండగా కళ్లు మూసుకున్నాను. "పట్టాడు! అమ్మా, కళ్లు తెరువు, పట్టాడు!" అని చోన్ గారు నా భుజం ఊపేశారు. తెరిచేసరికి ముందు ఎర్ర రంగే కనపడింది. నువ్వు అనుకున్నట్టే, అది బాగానే కనపడుతుందిరా దూరానికి.

పార్సిల్లో రాతినాచు పంపిస్తున్నాను. నీకో కట్ట, ఇసోబే గారికో కట్ట. శరత్తులో రాళ్లు గీకి శుభ్రం చేసింది, మొన్న కోసింది నా చేతులతోనే. వాళ్ల సముద్రం నాచు మంచిదే కావచ్చు, ఇది తిన్నాక మాట్లాడమను. నవంబరులో నీ పుట్టినరోజుకి మ్యాచ్ ఉన్నా లేకపోయినా ఓడెక్కి నేనే వస్తాను, రేవుకి నువ్వు రా. రాలేదో, కోతలున్నాయని మాత్రం చెప్పకు.

ఒక్క మాట. ఇది ఎండు నాచు, తొందరపడి అలాగే గిన్నెలో పడెయ్యకు. కొత్తది ఏదైనా ముందు నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, అప్పుడు వాడాలి. నీకిది ఇంకోసారి చెప్పించకు.

నీ అత్త,
మాల్సున్